కథ ఉన్న అడల్ట్ సినిమా బాగా తీశారో లేదో ఎలా చూడాలి?

ఇది 18 దాటినవాళ్ల కోసం. అడల్ట్ సినిమాలో క్వాలిటీ ఏముంటుంది అని చాలామంది తీసిపారేస్తారు, కానీ అక్కడా కెమెరామెన్ ఉంటాడు, ఎడిటర్ ఉంటాడు, లైట్లు పెట్టేవాళ్లు మేకప్ వాళ్లు ఉంటారు, వాళ్ల పనికి మామూలు సినిమాకి వేసినట్టే మార్కులు వేయొచ్చు. 1970ల్లో అమెరికాలో వీటిని ఫిల్మ్ మీద తీసి థియేటర్లలోనే ఆడించారు, 1980ల్లో వీడియో క్యాసెట్లు వచ్చాక చవగ్గా చుట్టేయడం మొదలైంది, కథ మీద పెట్టే శ్రద్ధ కూడా అప్పుడే బాగా తగ్గింది.

అన్నిటికంటే ముందు టైటిల్స్ చూడండి. తీసిన కంపెనీ పేరు, నటీనటుల స్క్రీన్ పేర్లు, టెక్నీషియన్ల పేర్లు ఉన్నాయా? 1990ల తర్వాత తీసిన అమెరికన్ సినిమా అయితే నటుల వయసు రికార్డులు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పే 2257 స్టేట్‌మెంట్ ఉండాలి, అది అక్కడి చట్టం. ఎవరు తీశారో తెలియని వీడియో, అందులో ఉన్నవాళ్లు ఒప్పుకున్నారో లేదో అనుమానం వచ్చే వీడియో అయితే అక్కడే ఆపేయండి, దానికి మార్కులు వేసే పనే లేదు.

తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రీన్ వైపు చూడకుండా ఒక ఐదు నిమిషాలు వినండి. నా లెక్కలో సగం మార్కులు సౌండ్‌కే. ప్రతి గదికీ ఓ సన్నటి హోరు ఉంటుంది, ఫ్యాన్‌దో ఏసీదో, షాట్ మారినప్పుడల్లా ఆ హోరు టక్కున తెగి మళ్లీ మొదలవుతోందంటే ఎడిటింగ్‌లో దాన్ని సర్దలేదని అర్థం. ఈ సినిమాలకి ఇంకో ఇబ్బంది ఉంది, మాటల సీన్‌లో కాలర్ మైక్ చొక్కా లోపల దాచేస్తారు, బట్టలు లేని సీన్‌లో దాచడానికి చోటు ఉండదు కదా, అప్పుడు పొడవాటి కర్రకి తగిలించిన బూమ్ మైక్‌ని పైనుంచి పట్టుకునే మనిషి కావాలి. ఆ మనిషిని పెట్టుకోని చోట అప్పటిదాకా చెవి పక్కనే ఉన్న గొంతు ఉన్నట్టుండి బావిలోంచి వచ్చినట్టు అయిపోతుంది, లేదంటే అంతా మ్యూజిక్‌తో కప్పేస్తారు, లేదంటే తర్వాత అతికించిన మూలుగులు పెదాలకి కలవవు. ఒక్కసారి ఇది గమనించారంటే ఇక ప్రతిదాంట్లోనూ పట్టేస్తారు.

ఇప్పుడు అసలైనది, అతుకు. కథ నడిచే సీన్ అయిపోయి శృంగారం మొదలయ్యే చోట, అటు రెండు నిమిషాలు ఇటు రెండు నిమిషాలు మళ్లీ మళ్లీ చూడండి. మాట్లాడుకునేటప్పుడు కిటికీలోంచి సాయంత్రం వెలుగు పడుతూ ముఖంలో ఒక పక్క నీడ ఉండి, మంచం మీదకి రాగానే గది మొత్తం తెల్లటి లైట్‌తో నిండిపోయిందనుకోండి, అక్కడ ఒక సినిమా అయిపోయి ఇంకోటి మొదలైనట్టే. వెనక గోడ చూడండి, ఒక షాట్‌లో పసుపుగా ఇంకో షాట్‌లో నీలంగా ఉంటే వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుకి తగ్గట్టు తెలుపు తెల్లగా కనిపించేలా కెమెరాలో చేసే సర్దుబాటు) కలపలేదు, తర్వాత రంగులు సరిచేసే కలర్ కరెక్షన్ కూడా చేయలేదు. చిన్నచిన్నవీ చూడండి, జుట్టు ముడి, లిప్‌స్టిక్, పక్క బల్ల మీద గ్లాసులో నీళ్లు. నీళ్లు తగ్గి మళ్లీ పెరిగాయంటే కంటిన్యుటీ చూసేవాళ్లు లేరనే.

అతుకులోనే ఇంకో మాట. అప్పటిదాకా బిడియంగా, మాట తడబడుతూ ఉన్న పాత్ర ఆ సీన్‌లోనూ ఆ మనిషిలాగే ఉందా, లేక వేరే ఎవరో అయిపోయిందా? ఆ సీన్ తీసేసి తర్వాతి సీన్ చూడండి, ఇద్దరి మధ్య ఏదో మారిందని తెలుస్తోందా? ఏమీ మారకపోతే కథ పేరుకే పెట్టారు. బాగా తీసినవాటిలో సీన్ అయిపోయాక కూడా కెమెరా కాసేపు వాళ్ల ముఖాల మీద ఆగుతుంది, నాకు అవే గుర్తుండిపోతాయి.

నటన గురించి ఎక్కువ చెప్పను, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు వింటున్నారా, తమ డైలాగ్ కోసం కాచుకుని ఉన్నారా అనేది చూస్తే చాలు.

4కె అని రాసుంటే మోసపోవద్దు, అది 3840 బై 2160 పిక్సెళ్లు అని మాత్రమే చెబుతుంది. బిట్‌రేట్, అంటే సెకనుకి వీడియోకి ఇచ్చే డేటా, తక్కువైతే చీకటి మూలల్లో గళ్లుగళ్లుగా కనిపిస్తుంది, బాగా తీసిన 1080పి దానికంటే ఎంతో నయం. కాకపోతే ఆ గళ్లు పైరసీ కాపీలో కనిపిస్తే తప్పు తీసినవాళ్లది కాకపోవచ్చు, అందుకే డబ్బు కట్టి అసలు కాపీ చూసి, అప్పుడే మార్కులు వేయండి.