పత్రికకు ఐఎస్ఎస్ఎన్: దరఖాస్తు ఆగేది పేరు దగ్గరే

గ్రంథాలయం ఒక పత్రికకు చందా కట్టాక వచ్చిన ప్రతి సంచికనూ నమోదు చేయాలి, రానిదాన్ని గడువులోగా అడిగి తెప్పించుకోవాలి, సంపుటి పూర్తయ్యాక బైండు చేయించాలి. ఒకే పేరుతో రెండు మూడు పత్రికలు ఉంటే ఈ లెక్కంతా తారుమారవుతుంది. ఏది ఏదో తేల్చేది ఎనిమిదంకెల ఐఎస్ఎస్ఎన్ (ఇంటర్నేషనల్ స్టాండర్డ్ సీరియల్ నంబర్), అంటే పత్రికలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు. అందుకే చందా వివరాల్లో గ్రంథాలయాలు దాన్ని అడుగుతాయి. ఈ అవసరం చూసి ‘నంబరు ఇప్పిస్తాం’ అంటూ డబ్బు గుంజే దళారులు తయారయ్యారు. చాలా దేశాల్లో ఐఎస్ఎస్ఎన్ జాతీయ కేంద్రం ఈ నంబరును ఉచితంగానే ఇస్తుంది. ప్రచురణకర్త నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ప్రచురణకర్త పేరు, చిరునామా, భాష, ఎన్నాళ్లకోసారి వస్తుంది, మొదటి సంచిక ఎప్పుడు: ఫారంలో ఇవి నింపడం కష్టం కాదు. వాటితోపాటు అట్ట, ముద్రణ వివరాల పేజీ, విషయసూచికల స్కాన్లు జతచేయాలి.

చిక్కంతా ఈ స్కాన్లలోనే ఉంది. అట్ట మీద ఒక పేరు, లోపల ముద్రణ వివరాల్లో దానికి ముందో వెనకో ఇంకో మాట, వెబ్‌సైటులో పొడి అక్షరాలు, ఫారంలో మరొకటి. ఇందులో అసలు పేరు ఏదో కేంద్రానికి తెలియదు కాబట్టి దరఖాస్తు వెనక్కి వస్తుంది. ‘త్రైమాసిక పరిశోధన పత్రిక’ లాంటి వివరణను కొన్నిచోట్ల పేరులో కలిపి, కొన్నిచోట్ల వదిలేయడం తరచూ కనిపించే పొరపాటు. పేరు తెలుగులో ఉంటే రోమన్ లిపిలో స్పెల్లింగు కూడా అన్నిచోట్లా ఒక్కటే ఉండాలి. అట్ట డిజైను ఖాయం చేసేముందే పేరును ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, ప్రతిచోటా దానితో అక్షరం అక్షరం పోల్చండి. దరఖాస్తు వెనక్కి వచ్చినా కంగారు పడక్కర్లేదు. సరిచేసి మళ్లీ పంపవచ్చు.

అచ్చు పత్రికకూ ఆన్‌లైన్ పత్రికకూ వేర్వేరు నంబర్లు తీసుకోవాలి. అచ్చు నంబరునే వెబ్‌సైటులో పెడితే, గ్రంథాలయం రికార్డులో రెండు చందాలు ఒకటిగా కలిసిపోతాయి.

మొదటి సంచిక రాకముందే దరఖాస్తు చేస్తే ఇచ్చే నంబరు తాత్కాలికం. అచ్చయ్యాక ప్రతిని పంపితేనే ఖాయమవుతుంది. నంబరు చేతికొచ్చింది కదా అని చాలామంది ఈ పని మరిచిపోతారు. దయచేసి మరవకండి.

ఇప్పటికే ఎవరి దగ్గరైనా డబ్బిచ్చి నంబరు తీసుకున్నవాళ్లు దాన్ని పరీక్షించుకోవచ్చు. మొదటి ఏడంకెలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేస్తే చివరి అంకె రావాలి. 0317-8471లో మొత్తం 120, శేషం 10, చివరి అంకె 1. తీసివేస్తే 10 వచ్చినచోట ‘ఎక్స్’ రాస్తారు. శేషం సున్నా అయితే చివరి అంకె కూడా సున్నాయే. లెక్క కుదిరినంత మాత్రాన నమ్మేయకండి, అది వేరే పత్రిక నంబరు కావచ్చు. ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఉచితంగా వెతికితే ఏ పేరు మీద నమోదైందో తెలుస్తుంది. ఈ నంబరు నాణ్యతకు ముద్ర కాదు, పేరు మీద హక్కూ ఇవ్వదు. అలా చెప్పి ఎక్కువ అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

నంబరును అట్ట మీద, వీలైతే కుడివైపు పై మూలన వేయండి. బార్‌కోడ్ కావాలంటే, పత్రికలను సూచించే 977 తర్వాత నంబరులోని మొదటి ఏడంకెలే వస్తాయి, చివరిది రాదు.

తర్వాతెప్పుడైనా పేరులోని మొదటి ఐదు మాటల్లో చెప్పుకోదగ్గ మార్పు చేస్తే కొత్త నంబరుకు మళ్లీ దరఖాస్తు చేయాల్సిందే. పాత పేరుతో వచ్చే ఆఖరి సంచికలోనే కొత్త పేరు, కొత్త నంబరు ప్రకటించి, చందాదారులైన గ్రంథాలయాలకు విడిగా ఉత్తరం రాయండి. లేకపోతే పాత పేరు కింద సంచికలు రాలేదంటూ మీకే ఫిర్యాదులు వస్తాయి, చందా పునరుద్ధరణ కూడా ఆగిపోవచ్చు.