టీచర్ల బృందంతో పాఠ్యప్రణాళిక తయారు చేయించడం ఎలా?

నిన్నటిదాకా స్టాఫ్ రూమ్‌లో అందరితో పాటు కూర్చున్న మీకు పాఠ్యప్రణాళిక బృందాన్ని నడిపించే బాధ్యత అప్పగించారు. అందులో మీకంటే పదేళ్లు సీనియర్లున్నారు. వాళ్లు నా మాట వింటారా అని టెన్షన్ పడటం సహజం. పాఠం ఎలా చెప్పాలో వాళ్లకు మీరు నేర్పక్కర్లేదు. అందరూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చేలా చూడటమే మీ పని.

ముందు సమయం సంపాదించండి. ఆఖరి బెల్ కొట్టాక, రోజంతా గొంతు పోయేలా పాఠాలు చెప్పిన మనిషికి కొత్త ఆలోచనలు రావు. వారంలో ఒక పీరియడ్ బృందం మొత్తానికి ఒకేసారి ఖాళీ ఉండేలా టైమ్‌టేబుల్ మార్పించండి. అది కుదిరేదాకా మొదటి మీటింగ్ కూడా పెట్టొద్దనే చెబుతాను.

పాఠ్యపుస్తకం పక్కన పెట్టి ప్రశ్నలతో మొదలుపెట్టండి. అమెరికన్ విద్యావేత్త రాల్ఫ్ టైలర్ 1949లో నాలుగు ప్రశ్నలు ముందుపెట్టారు. బడి సాధించాల్సిన లక్ష్యాలేమిటి? వాటి కోసం పిల్లలకు ఎలాంటి అనుభవాలు కల్పించాలి? వాటిని ఎలా అమర్చాలి? లక్ష్యం నెరవేరిందని ఎలా తెలుస్తుంది? నేనైతే చివరి ప్రశ్నను మొదటిదాని వెంటనే అడుగుతాను. 'పిల్లలు భిన్నాలు అర్థం చేసుకుంటారు' అని రాస్తే అందరూ తలూపుతారు, అక్కడితో సరి. '3/4 పెద్దదా, 2/3 పెద్దదా అంటే బొమ్మ గీసి చూపిస్తారు' అని రాసి చూడండి, అప్పుడు అసలు చర్చ మొదలవుతుంది.

పాఠాల కోతకు సిద్ధపడండి. గొడవంతా ఇక్కడే. వారానికి 5 పీరియడ్ల చొప్పున 36 వారాలకు 180 పీరియడ్లు. పరీక్షలకు, వేడుకలకు, అర్థంకాని పిల్లలకు మళ్లీ చెప్పడానికి ఐదో వంతు పోతుందనుకుంటే మిగిలేవి 144. ఒక్కో యూనిట్‌కు టీచర్లు అడిగిన పీరియడ్లన్నీ కూడితే సులువుగా 200 దాటుతాయి. ఈ లెక్క మీరు ఇంట్లో వేసుకురాకుండా, అందరి ముందూ బోర్డు మీద వేయండి.

ఇక ఏ పాఠం తీసేయాలి? ఇరవై ఏళ్లుగా ప్రాణం పెట్టి చెబుతున్న పాఠాన్ని 'అనవసరం' అంటే ఏ టీచరుకైనా మనసు కష్టపడుతుంది. 'ఈ పాఠం లేకపోతే వచ్చే ఏడాది పిల్లలు ఎక్కడ ఆగిపోతారు మేడమ్?' అని అడగండి. ఒక్కోసారి ఆవిడే కాసేపు ఆలోచించి రెండు పీరియడ్లు వదులుకుంటారు. ఒక్కోసారి ఆ పాఠం ఎందుకు ఉండాలో మీకే తెలిసొస్తుంది. రెండూ మంచివే.

సబ్జెక్టులన్నీ ఒకే గోడ మీద పెట్టండి. యూనిట్‌కో కార్డు రాసి నెలలవారీగా అంటించండి. ఉదాహరణకు సైన్స్‌లో సాంద్రత రెండో నెలలో వస్తుంది, దానికి కావలసిన దశాంశాల భాగహారం లెక్కల్లో ఆరో నెలలో ఉంటుంది. పిల్లలకు సాంద్రత ఎందుకు ఎక్కడం లేదో అప్పుడు అర్థమవుతుంది. కార్డు అటు నుంచి ఇటు మార్చడానికి అరనిమిషం చాలు.

మీటింగులో ఒకరిద్దరే మాట్లాడుతుంటే, చర్చకు ముందు అయిదు నిమిషాలు అందర్నీ కాగితం మీద రాయమనండి. కొత్తగా చేరినవాళ్లతో ముందు చదివించండి, సీనియర్లతో చివర్లో. సీనియర్ తన అభిప్రాయం చెప్పేశాక కొత్తవాళ్లు కాదనలేరు.

ఒక్క యూనిట్ మాత్రం తరగతిలో పరీక్షించండి. టీచరే తన తరగతి గదిలో పరిశోధకుడు కావాలని బ్రిటన్‌లో విద్యావేత్త లారెన్స్ స్టెన్‌హౌస్ 1970లలోనే వాదించారు. కాబట్టి 'బాగా జరిగింది' అన్న మాటతో సరిపెట్టుకోకండి. ప్రతి టీచరూ బాగా రాసినవి, మామూలువి, తడబడినవి కలిపి ఆరు నోట్‌బుక్కులు తేవాలి. వాటిని బల్ల మీద పరిచి, పిల్లలు ఎక్కడ తప్పటడుగు వేశారో కలిసి చూడండి. ఆ చోటే తిరగరాయాలి.

ప్రతి నిర్ణయం పక్కన కారణం ఒక వాక్యంలో రాసిపెట్టండి. వచ్చే ఏడాది బృందంలోకి కొత్తగా వచ్చినవాళ్లు 'ఈ పాఠం ఎందుకు తీసేశారు?' అని తప్పకుండా అడుగుతారు.