అనుకోవడానికి ఒక్క ‘థింక్’ చాలదు

బుర్రలో జరిగే పనికి తెలుగులో ముఖ్యంగా రెండు క్రియలు వాడతాం: అనుకోవడం, ఆలోచించడం. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి రెండింటినీ ‘థింక్’ అనేస్తాం. తంటా అక్కడే మొదలవుతుంది. పర్యాయపదాల జాబితా బట్టీ పడితే తంటా తీరకపోగా పెరుగుతుంది. ‘కన్సిడర్’, ‘సపోజ్’, ‘అజ్యూమ్’, ‘రెకన్’ ఒకే వరుసలో అచ్చయి ఉంటాయి కానీ, ఒకటి తీసేసి ఆ చోట ఇంకొకటి పెడితే వాక్యం కుంటుతుంది, ఒక్కోసారి అర్థమే తిరగబడుతుంది. అందుకే ఇంగ్లిష్ జాబితాతో కాకుండా మీ నోటికొచ్చిన తెలుగు వాక్యంతో మొదలుపెట్టండి. ఏ క్రియ కావాలో చాలాసార్లు దాని చివరే చెబుతుంది.

‘అని’ ఉందా, ‘గురించి’ ఉందా

‘అతను చెప్పింది నిజమే అనుకుంటున్నాను.’ ఇందులో ‘అని’ దాగి ఉంది. ఇది అభిప్రాయం. ఇంగ్లిష్‌లో అభిప్రాయానికి ‘ఇంగ్’ రూపం వాడరు: ‘ఐ థింక్ హి ఈజ్ రైట్’. ‘ఐ యామ్ థింకింగ్ హి ఈజ్ రైట్’ అని మనవాళ్లు అనడానికి కారణం ‘అనుకుంటున్నాను’లో ఉన్న ‘తున్నా’. తెలుగుకు అది సహజం, ఇంగ్లిష్‌కు కాదు. ‘బిలీవ్’, ‘నో’, ‘అండర్‌స్టాండ్’, ‘సపోజ్’, ‘డౌట్’ కూడా మామూలుగా ఇదే దారిలో నడుస్తాయి. ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’ కాదు, ‘ఐ డోంట్ అండర్‌స్టాండ్’.

‘ఆ సంగతి గురించి ఆలోచిస్తున్నాను.’ ఇది అభిప్రాయం కాదు, జరుగుతున్న పని. ఇక్కడ ‘ఇంగ్’ నిక్షేపంగా వాడొచ్చు: ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’.

‘కారు కొనాలనుకుంటున్నాను.’ ఇందులోనూ ‘అని’ ఉంది కానీ దాని ముందు ‘ఆలి’ చేరింది. అంటే ఇది ఉద్దేశం. ‘ఐ యామ్ థింకింగ్ ఆఫ్ బయింగ్ ఎ కార్’ అనాలి. ‘ఆఫ్’ తర్వాత ‘బయింగ్’ వస్తుంది, ‘టు బయ్’ రాదు. ఇంకా తేల్చుకోని ఉద్దేశమైతే ఇది సరిపోతుంది. తేల్చేసుకుంటే ‘ఐ యామ్ ప్లానింగ్ టు బయ్’. జరగని ఉద్దేశానికి, ‘నిన్న ఫోన్ చేద్దామనుకున్నా’ లాంటి దానికి, ‘థింక్’ కంటే వేరే మాటే సహజం. అది ‘ఐ వజ్ గోయింగ్ టు కాల్ యు’ లేదా ‘ఐ మెంట్ టు కాల్ యు’.

అనుకోవడంతో అల్లుకున్న నుడికారాలు ఇంకా చిక్కు పెడతాయి. వీటిలో చాలావాటిలో ‘థింక్’ కనిపించనే కనిపించదు. ‘అనుకోకుండా కలిశాం’ అంటే ‘వి మెట్ బై ఛాన్స్’. ‘వితౌట్ థింకింగ్’ అనేది ‘ఆలోచించకుండా’కి వెళ్తుంది. ‘ఇలా అవుతుందనుకోలేదు’ అంటే ‘ఐ డిడ్‌న్ట్ ఎక్స్‌పెక్ట్ దిస్’. ‘అనుకున్నంత పనీ అయింది’లో భయం ఉంది కాబట్టి ‘జస్ట్ యాజ్ ఐ ఫియర్డ్’. ‘ఏమీ అనుకోకండి’ని ‘డోంట్ థింక్ ఎనీథింగ్’ అంటే ఎదుటివాళ్లకు ఏమీ బోధపడదు. అడగబోయే ప్రశ్నకు ముందైతే ‘ఐ హోప్ యు డోంట్ మైండ్ మై ఆస్కింగ్’, మాట తప్పుగా తీసుకుంటారేమోనని అయితే ‘ప్లీజ్ డోంట్ టేక్ దిస్ ది రాంగ్ వే’. లెక్కల పుస్తకంలో ‘ఎక్స్ అనుకొనుము’ అనేది ‘లెట్’ లేదా ‘సపోజ్’.

కాదనడం ఎక్కడ

‘అతను రాడనుకుంటా.’ తెలుగులో కాదనడం రావడం మీద పడింది. అదే వరుసలో ‘ఐ థింక్ హి వోంట్ కమ్’ అంటే తప్పు కాదు గానీ, సాధారణంగా ఇంగ్లిష్‌వాళ్లు ఆ ‘నాట్’ని ముందుకు లాగి ‘ఐ డోంట్ థింక్ హి విల్ కమ్’ అంటారు. ‘బిలీవ్’, ‘సపోజ్’, ‘ఎక్స్‌పెక్ట్’, ‘ఇమాజిన్’ కూడా ఇలాగే. ‘హోప్’ మాత్రం ఈ గుంపులో చేరదు. ‘వాన రాకూడదని ఆశిస్తున్నా’కి ‘ఐ హోప్ ఇట్ డజంట్ రెయిన్’ అనాలి, ‘ఐ డోంట్ హోప్’ అనకూడదు. పొడి జవాబుల్లోనూ ఇదే తేడా: ‘ఐ డోంట్ థింక్ సో’ కానీ ‘ఐ హోప్ నాట్’, ‘ఐ యామ్ అఫ్రెయిడ్ నాట్’, ‘ఐ గెస్ నాట్’. ‘డౌట్’కి ‘సో’ అతకదు, ‘ఐ డౌట్ ఇట్’ అనాలి.

అనుమానం: రెండు దిక్కుల మాట

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. ‘వాడే తీశాడని నా అనుమానం’ అంటే తీశాడనే వైపు మొగ్గు. ఇంగ్లిష్‌లో ‘ఐ సస్పెక్ట్ హి టుక్ ఇట్’. ‘ఐ డౌట్ హి టుక్ ఇట్’ అంటే అర్థం తలకిందులై, వాడు తీశాడంటే నాకు నమ్మకం లేదు అని వస్తుంది. తెలుగులో అనుమానం రెండు వైపులకూ పనికొస్తుంది. ‘వస్తాడో రాడో అనుమానమే’లో అది ‘డౌట్’, ‘దొంగ అతనేనని అనుమానం’లో అది ‘సస్పెక్ట్’. ఫిర్యాదులోనో, ఆఫీసు విచారణకు రాసిన ఉత్తరంలోనో ఈ రెండూ తారుమారైతే మీరు వేలెత్తి చూపిన మనిషినే మీరు వెనకేసుకొచ్చినట్టు అవుతుంది. పరీక్ష సులువే: మీ వాక్యంలో ‘అనుమానం’ తీసేసి ‘నమ్మకం లేదు’ పెట్టి చూడండి. అర్థం నిలిస్తే ‘డౌట్’, తిరగబడితే ‘సస్పెక్ట్’.

క్లాసులో చెయ్యెత్తి ‘ఐ హావ్ ఎ డౌట్’ అనడం మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో చదువుకోవడానికి వెళ్తే మాత్రం ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి. లేకపోతే పాఠం చెప్పిన ప్రొఫెసర్ మాటనే మీరు శంకిస్తున్నట్టు వినిపించే ప్రమాదం ఉంది.

నమ్మకం ఎంత గట్టిది

ఒకే సంగతిని ఎంత గట్టిగా చెబుతున్నారన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. పై మెట్టున ‘నో’, తర్వాత ‘యామ్ ష్యూర్’, ఆ కింద ‘థింక్’, ఇంకా కింద ‘సపోజ్’, ‘గెస్’. ‘బిలీవ్’ ఎక్కడ పెట్టాలన్నదే ఇబ్బంది. ‘ఐ బిలీవ్ ఇన్ హర్’ అంటే ఆమె మీద గట్టి నమ్మకం. ‘ఐ బిలీవ్ ది మీటింగ్ ఈజ్ ఎట్ త్రీ’ అంటే అంత గట్టిగా ఏమీ కాదు, ‘నాకు తెలిసి మీటింగ్ మూడింటికి’ అని మర్యాదగా అనడం. దీన్ని ‘మూడింటికని నమ్ముతున్నాను’ అని తర్జుమా చేస్తే నవ్వొస్తుంది. కానీ అనువాద వార్తల్లో ఇలాంటి నమ్మకాలు రోజూ తగులుతూనే ఉంటాయి.

‘ఐ సపోజ్ సో’లో ఒప్పుకోలు ఉంది కానీ మనస్ఫూర్తిగా కాదు, మన ‘సరేలే’కి దగ్గర. పెళ్లికి పిలిస్తే ఇలా జవాబిస్తే పిలిచినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఇదే మాట ‘సపోజ్డ్ టు’ అయితే అర్థం పూర్తిగా మారి, నియమం ప్రకారం చేయాల్సింది అని వస్తుంది. అది జరగట్లేదన్న ఎత్తిపొడుపు కూడా తరచూ అందులో ఉంటుంది. ‘యు ఆర్ సపోజ్డ్ టు బి ఎట్ స్కూల్’ అంటే, బడిలో ఉండాల్సినవాడివి ఇక్కడేం చేస్తున్నావ్ అని. మాటల్లో అది ‘సపోస్‌టు’ అన్నట్టే వినబడుతుంది, రాసేటప్పుడు చివరి ‘డి’ మరిచిపోవడానికి కారణం అదే.

‘అజ్యూమ్’, ‘ప్రిజూమ్’ రెండూ రుజువు లేకుండా అనుకోవడమే. ‘అజ్యూమ్’కి ఆధారం అక్కర్లేదు, పని జరగడానికి ఒకటి అనేసుకోవచ్చు. ‘ప్రిజూమ్’లో అలా అనుకోవడానికి ఏదో కారణం ఉంటుంది, కాదని తేలేవరకు అదే నిలుస్తుంది. న్యాయస్థానాల్లో రెండోదే చెల్లుతుంది. మన దేశంలో 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం ‘మే ప్రిజూమ్’, ‘షల్ ప్రిజూమ్’ అని రెండు మాటలు విడదీసింది. మొదటిదాంట్లో జడ్జి ఆ సంగతి రుజువైనట్టు తీసుకోవచ్చు, లేదా రుజువు చూపమనొచ్చు. రెండోదాంట్లో అవతలివాళ్లు తప్పని తేల్చేవరకు రుజువైనట్టే తీసుకోవాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ తేడా ఉంది. కోర్టు కాగితంలో ‘ప్రిజూమ్’ కనబడితే ‘ఊహించు’ అని తేలిగ్గా దాటేయకండి.

ఓ, ఏమో

‘ఎక్కడున్నాడో!’, ‘వస్తాడో రాడో’ అని ‘ఓ’తో ముగిసే వాక్యాలకు ‘వండర్’ సరిగ్గా కుదురుతుంది: ‘ఐ వండర్ వేర్ హి ఈజ్’, ‘ఐ వండర్ ఇఫ్ హి విల్ కమ్’. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యం కావాలంటే ‘వండర్ ఎట్’. ‘నో వండర్’ అంటే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదని. మొదటి వాక్యంలో మాటల వరుస గమనించండి: ‘వేర్ ఈజ్ హి’ కాదు, ‘వేర్ హి ఈజ్’. ‘వస్తాడేమో’ అన్నప్పుడు మాత్రం ‘వండర్’ వద్దు, ‘హి మైట్ కమ్’ చాలు. ఇక ‘ఐ వజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ హెల్ప్’ అనేది పూర్తిగా మర్యాద మాట. గతంలో ఉన్నా అడుగుతున్నది ఇప్పుడే.

మనసు సంగతి

తెలుగు మనసులో ఇంగ్లిష్ ‘హార్ట్’, ‘మైండ్’ రెండూ ఉన్నాయి. మనసు విరిగితే అది ‘హార్ట్’. మనసు మార్చుకుంటే ‘మైండ్’. ‘ఆ మాట మనసులో పెట్టుకోకు’ని ‘డోంట్ కీప్ ఇట్ ఇన్ మైండ్’ అంటే గుర్తుపెట్టుకోవద్దు అని మాత్రమే అవుతుంది. మీరు చెప్పాలనుకున్నది నొచ్చుకోవద్దని, అంటే ‘డోంట్ టేక్ ఇట్ టు హార్ట్’. ‘డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అని అడిగితే, కూర్చోమనడానికి జవాబు ‘నో, నాట్ ఎట్ ఆల్’. దాన్ని ‘కూర్చోవచ్చా?’ అని విని ‘యెస్’ అంటే వద్దన్నట్టు. ‘అభ్యంతరం ఉందా?’ అని విన్నారంటే జవాబు దానంతటదే సరిగ్గా వస్తుంది.

నిదానంగా ఆలోచించే మాటలు

‘కన్సిడర్’ తర్వాత ‘అబౌట్’ రాదు. ‘కన్సిడర్ ది ఆఫర్’, ‘కన్సిడర్ మూవింగ్ టు పుణె’ అనాలి, ‘కన్సిడర్ టు మూవ్’ అనకూడదు. దాని చుట్టాలు కూడా మోసం చేస్తాయి. ‘కన్సిడరేట్’ అంటే ఎదుటివాళ్ల ఇబ్బంది పట్టించుకునే మనిషి, ‘కన్సిడరబుల్’ అంటే చెప్పుకోదగ్గంత. ‘థాట్‌ఫుల్’కీ తరచూ అర్థం మేధావి అని కాదు, అడగకుండానే మన అవసరం కనిపెట్టేవాడని.

‘కాంటెంప్లేట్’కీ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘రిఫ్లెక్ట్’కి ‘ఆన్’ కావాలి, అది అయిపోయినదాని మీద ఆలోచన. ‘మల్ ఓవర్’ అంటే నిర్ణయాన్ని కొన్ని రోజులు నానబెట్టడం. ‘డెలిబరేట్’ నలుగురు కూర్చుని చేసేది, జ్యూరీలా. క్రియగా చివర ‘రేట్’ అని పలకాలి, ‘కావాలని చేసిన’ అనే విశేషణమైతే ‘రట్’ అని. ‘బ్రూడ్’లో దిగులు ఉంటుంది. ‘రూమినేట్’ పశువుల నుంచి వచ్చిన మాట, నెమరువేయడమే. కానీ మన ‘జ్ఞాపకాలు నెమరువేసుకోవడం’ తీయనిది. మానసిక వైద్యులు ‘రూమినేషన్’ అంటే అదే బాధను పదేపదే తవ్వుకోవడం. అల్లుడి ఉద్యోగ విరమణ సభలో పాత రోజులు నెమరువేసుకున్నారని రాయడానికి ‘రెమినిస్’ వాడండి.

‘థింక్’కి తగిలే చిన్న మాటలు త్వరగా చూద్దాం. ‘థింక్ ఓవర్’ అంటే కాస్త సమయం తీసుకోవడం, ‘థింక్ త్రూ’ అంటే పర్యవసానాలన్నీ లెక్కేయడం, ‘థింక్ అప్’ అంటే సాకో పథకమో కల్పించడం. ‘ఐ థాట్ ఆఫ్ యు’ అంటే గుర్తొచ్చావు. ‘ఐ థాట్ అబౌట్ యు’ అంటే నీ గురించి ఆలోచించాను, అది కాస్త ఎక్కువసేపు.

ఎదురుచూపు, గుర్తు

బస్సు కోసం ఎదురుచూస్తే ‘వెయిట్ ఫర్’. వస్తుందని లెక్కలో పెట్టుకుంటే ‘ఎక్స్‌పెక్ట్’. సంబరంగా ఎదురుచూస్తే ‘లుక్ ఫార్వర్డ్ టు’, తర్వాత ‘ఇంగ్’ రూపం: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’. ‘షి ఈజ్ ఎక్స్‌పెక్టింగ్’ అని అంతటితో ఆపేస్తే, ఆవిడ నీళ్లోసుకుందని అర్థం. గుర్తుండటం ‘రిమెంబర్’, గుర్తుచేయడం ‘రిమైండ్’, గుర్తుపట్టడం ‘రికగ్నైజ్’. ‘రిమెంబర్ టు లాక్’ అంటే తాళం వేయడం మరిచిపోకు. ‘ఐ రిమెంబర్ లాకింగ్’ అంటే వేసినట్టు గుర్తుంది.

రాసుకునే పద్ధతి

రోజుకు ఒక్క క్రియ, మూడు వాక్యాలు చాలు. నోట్‌బుక్‌లో ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు ఇంగ్లిష్, దాని కింద ఆ క్రియ తర్వాత ఏం వచ్చిందో (‘దట్’, ‘ఆఫ్’, ‘ఇంగ్’, ‘టు’, లేదా ఏదీ లేదు) రాయండి. అర్థం ఒక్కటే రాసుకుంటే వాడే వేళకు చెయ్యి ఆడదు.

నిఘంటువు విషయంలో జాగ్రత్త. పీటర్ మార్క్ రోజే పర్యాయపద కోశం 1852లో వచ్చింది. చిత్రంగా బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయిందీ ఆ ఏడాదే. రోజే పదాలను అక్షరక్రమంలో కాక భావాలను బట్టి గుంపులు కట్టాడు, అందులో బుద్ధికి ఒక పెద్ద విభాగమే ఉంది. నాలుక మీద ఆడుతూ బయటికి రాని మాటను పట్టుకోవడానికి అది బాగా పనికొస్తుంది. తెలియని మాటను అందులోంచి ఎత్తి వాక్యంలో పెట్టడానికి పనికిరాదు. దానికి విదేశీ విద్యార్థుల కోసం ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వేసిన లెర్నర్స్ నిఘంటువులు చూడండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. క్రియ తర్వాత ఏం రావాలో, అది మాటల్లో వాడేదా రాతలో వాడేదా అన్నది కూడా చెబుతాయి.

ఈ రెండోది చిన్న విషయం కాదు. ‘ఐ గెస్’ అమెరికన్ల రోజువారీ మాట. ‘ఐ రెకన్’ బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఎక్కువ వినిపిస్తుంది. ఉద్యోగ దరఖాస్తులో రెండూ వద్దు, ‘ఐ బిలీవ్’ పెట్టండి. ‘అకార్డింగ్ టు మి’ మాత్రం ఎక్కడా వద్దు. ‘అకార్డింగ్ టు’ ఇంకొకరి మాట చెప్పేటప్పుడే. మీ సొంత మాటకు ‘ఇన్ మై ఒపీనియన్’.