శంషాబాద్‌లో దిగి హోటల్‌కు వెళ్లడానికి కారు బుక్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

డిసెంబర్ సెలవులకు, సంక్రాంతికి హైదరాబాద్ వచ్చేవాళ్లు ఇప్పుడే బండ్లు మాట్లాడుకుంటున్నారు. డబ్బు కట్టే ముందు:

• తేదీ. విదేశాల నుంచి వచ్చే విమానాలు చాలా అర్ధరాత్రి దాటాక దిగుతాయి. మనం ‘20 రాత్రి 2 గంటలకు’ అంటాం, కానీ క్యాలెండర్‌లో అది 21. తప్పు తేదీ వేస్తే డ్రైవర్ ముందు రోజే వచ్చి వెళ్లిపోతాడు. బండీ ఉండదు, డబ్బూ రాదు.

• వెయిటింగ్ టైమ్ ఎప్పటినుంచి లెక్కేస్తారు? విమానం నిజంగా దిగినప్పటి నుంచి అయితేనే మేలు. ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి గంట దాటడం మామూలే. ఫ్లైట్ నంబర్ తప్పకుండా ఇవ్వండి.

• డిక్కీ. సీఎన్‌జీ సెడాన్ అయితే సిలిండరే సగం చోటు తినేస్తుంది. 23 కిలోల పెట్టెలు నాలుగుంటే పెద్ద బండే తీసుకోండి. ఒడిలో సూట్‌కేసు పెట్టుకుని కూర్చోవడం ఎందుకు!

• హోటల్ పేరొక్కటే చాలదు, లొకేషన్ పంపండి. ఒకే పేరుతో ఊళ్లో రెండు మూడుంటాయి. హైటెక్ సిటీకి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి దారి, మెహదీపట్నం వైపైతే ఆరాంఘర్ దగ్గర ఎక్కే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే.

• టోల్, పార్కింగ్ రేటులో కలిసే ఉన్నాయా? మెసేజ్‌లో రాయించుకోండి.

• ఇక్కడి మనవాళ్ల నంబర్ ఒకటి ఇవ్వండి. దిగగానే మీ విదేశీ సిమ్ పనిచేయకపోవచ్చు.

• అద్దె బండికి పసుపు ప్లేటు, ఎలక్ట్రిక్ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండి వస్తే ఎక్కకండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది.