ఎంఎల్‌ఎం కంపెనీ విదేశీ బ్రాంచి లెక్కల్లో తేడా కనిపిస్తోందా? ఇక్కడ చూడండి

కంపెనీ మీటింగుల్లో చూపించే టర్నోవర్ గ్రాఫ్ పక్కన పెట్టి, వార్షిక నివేదికలో బ్రాంచి ఉన్న దేశం గురించి ఉన్న పేజీలు తీయండి. ఎంఎల్‌ఎం (మల్టీ లెవెల్ మార్కెటింగ్) అంటే డిస్ట్రిబ్యూటర్లు సరుకు కొని అమ్ముతూ, తమ కింద కొత్తవాళ్లని చేర్చుకుని కమీషన్ తీసుకునే వ్యాపారం. ఇందులో డిస్ట్రిబ్యూటర్ సరుకు కొన్నప్పుడే కంపెనీ దాన్ని అమ్మకంగా రాసుకుంటుంది. ఆ డబ్బాని ఎవరైనా వాడారా, లేక ఇంట్లో అటకెక్కిందా అన్నది ఆ అంకెలో కనిపించదు.

సమస్య: ఒక త్రైమాసికంలో అమ్మకాలు ఎగిరాయి, తర్వాత చతికిలపడ్డాయి

చాలావరకు కారణం స్టాక్ అంటగట్టడమే. కొత్త ప్రొడక్ట్‌ని కొద్దిరోజుల ఆఫర్‌లో పెడతారు, ర్యాంకు నిలవాలంటే ఇంత వాల్యూమ్ (కొనుగోలు మొత్తం) చెయ్యాలంటారు, అప్‌లైన్ (పై వరుసలో ఉన్నవాళ్ల) ఒత్తిడికి కిందివాళ్లు అప్పు చేసైనా కొంటారు, ఆ సరుకు కరిగేదాకా మళ్లీ ఆర్డరే పెట్టరు. నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇదే, ఎందుకంటే కంపెనీ లాభంగా చూపించే ఆ అంకె కింది వరుసలో ఉన్నవాడి నష్టం.

పరిష్కారం: ఒక్క త్రైమాసికం కాదు, నాలుగూ కలిపి చూడండి. అమ్మకాలను యాక్టివ్ డిస్ట్రిబ్యూటర్ల సంఖ్యతో భాగించండి. మనుషులు తగ్గుతున్నా తలసరి కొనుగోలు పెరుగుతోందంటే అనుమానించాల్సిందే. రిటర్న్స్ (వెనక్కి వచ్చిన సరుకు) ఎంతో కూడా వెతకండి. బ్రాంచి నడిపేది మీరే అయితే, బోనస్‌ను బయటి కస్టమర్ పేరున్న బిల్లుకు ముడిపెట్టండి. 2016లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో హెర్బలైఫ్ అనే ఎంఎల్‌ఎం కంపెనీ చేసుకున్న 20 కోట్ల డాలర్ల ఒప్పందంలో, అమెరికాలో ఇచ్చే కమీషన్‌లో కనీసం మూడింట రెండు వంతులు రుజువున్న రిటైల్ అమ్మకాల మీదే ఉండాలన్న షరతు ఉంది. అలా చేస్తే మొదట్లో టర్నోవర్ పడిపోవచ్చు, కానీ మిగిలేది నిజమైన గిరాకీ.

సమస్య: బాగా నడుస్తున్న బ్రాంచి ఉన్నట్టుండి కూలింది

అక్కడి చట్టం చూడండి. చైనా 2005లో తెచ్చిన నిబంధనల ప్రకారం కమీషన్ సొంత అమ్మకం మీదే, అదీ 30 శాతం మించకూడదు, డౌన్‌లైన్ (కింద చేరినవాళ్ల) అమ్మకాల మీద సంపాదన నిషేధం. 2014 జనవరిలో చైనా అధికార పత్రిక పీపుల్స్ డైలీ, నూ స్కిన్ అనే అమెరికా ఎంఎల్‌ఎం కంపెనీ మీద ఆరోపణలు రాశాక, ఆ కంపెనీ చైనాలో మీటింగులు, కొత్త సేల్స్ ప్రతినిధుల చేరికలు కొన్నాళ్లు ఆపేసింది. 2013లో దాదాపు 318 కోట్ల డాలర్లున్న మొత్తం ఆదాయం 2014లో 257 కోట్ల దగ్గరికి దిగింది. కాబట్టి ఒక్క దేశం నుంచే ఆదాయంలో పెద్ద వాటా వస్తుంటే, నివేదికలో రిస్కుల భాగం అంకెల కంటే ముందే చదవండి.

సమస్య: స్థానిక కరెన్సీలో పెరుగుదల, డాలర్లలో తగ్గుదల

ఇది మారకపు రేటు. వెనెజువెలా 2013 ఫిబ్రవరిలో డాలర్ విలువను 4.30 బొలివార్ల నుంచి 6.30కి మార్చింది. అంటే 63 లక్షల బొలివార్ల అమ్మకం అంతకుముందు సుమారు 14.65 లక్షల డాలర్లయితే, ఆ తర్వాత 10 లక్షలే. మారకపు రేటు ప్రభావం తీసేసిన వృద్ధి శాతాన్ని విడిగా ఇస్తారు, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ధరలు పెంచడం వల్ల వచ్చిన వృద్ధా, ఎక్కువ సరుకు అమ్మడం వల్లా అన్నది కూడా చూడాలి. అలాగే ఆ డబ్బు దేశం దాటి బయటికి వచ్చే వీలుందో లేదో అడగండి, లేకపోతే ఆ లాభం కాగితం మీదే.

సమస్య: అమ్మకాలు బాగున్నా బ్రాంచికి లాభం లేదు

మనం బ్రాంచి అంటాం గానీ చాలాసార్లు అది అక్కడ రిజిస్టరైన వేరే కంపెనీ. మాతృసంస్థ దగ్గరే సరుకు కొంటుంది, బ్రాండుకు రాయల్టీ, మేనేజ్‌మెంట్ ఫీజు కడుతుంది, మిగిలినదాంట్లో పెద్ద భాగం కమీషన్లకి పోతుంది. నష్టం నిజంగా వ్యాపారంలోనా, లేక లాభం కొనుగోలు ధర రూపంలో పైకి పోతోందా అన్నది సంబంధిత సంస్థలతో లావాదేవీల నోట్‌లో తెలుస్తుంది. అది గ్రూప్ నివేదికలో దొరకకపోతే, ఆ దేశపు కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర బ్రాంచి దాఖలు చేసిన లెక్కలు తీయించండి.