ఇసుక దిబ్బ ఎలా పుట్టిందో, ఎటు కదులుతోందో తెలుసుకోవడం ఎలా?

సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బ కనబడగానే చాలామంది నేరుగా దాని మీదికి ఎక్కేస్తారు. పైనుంచి సముద్రం బాగానే కనిపిస్తుంది కానీ దిబ్బ సంగతి మాత్రం అర్థం కాదు. అది తెలియాలంటే నీటి అంచున మొదలుపెట్టి లోపలికి నడవాలి. ఒక పూట చాలు. స్కేలు, భూతద్దం, నాలుగు పుల్లలు, ఫోన్ పట్టుకెళ్లండి.

1. గాలి ఉన్న పూట చూసుకోండి

తడి ఇసుక గాలికి లేవదు. రేణువుల మధ్య ఉన్న నీళ్లు వాటిని అంటిపెట్టి ఉంచుతాయి. అందుకే ఆటు వేళ, ఎండ కాసి ఇసుక పొడిగా ఉన్నప్పుడు, సముద్రం మీంచి గాలి వీస్తున్నప్పుడు వెళ్లండి. గాలి గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటితేనే ఇసుక కదలడం మొదలవుతుంది. అక్కడినుంచి లెక్క తమాషాగా ఉంటుంది. జోరుగా వీచే గాలి ఇంకో రెట్టు వేగం అందుకుంటే, అది మోసే ఇసుక రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. దిబ్బకు ఏడాది పొడవునా వీచే చిరుగాలితో పెద్దగా పనిలేదు, నాలుగు రోజుల హోరుగాలి కావాలి.

2. మోకాళ్ల మీద కూర్చుని చూడండి

నిలబడి చూస్తే నేల మీద పలచటి పొగ పాకుతున్నట్టు ఉంటుంది. తల కిందికి వంచి చూస్తే అది పొగ కాదని తెలుస్తుంది. ఒక రేణువు పైకి ఎగిరి, గాలితో కాస్త దూరం పోయి, కింద పడుతూ ఇంకో రెండింటిని కొడుతుంది. అవీ గెంతుతాయి. ఎగరలేని పెద్ద రేణువులు ఈ దెబ్బలకు మెల్లగా దొర్లుకుంటూ ముందుకు పోతాయి. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు 1930లలో గాలి సొరంగం కట్టి మరీ ఈ గెంతులను కొలిచాడు. మీకు అంత అక్కర్లేదు. ఇసుక చీలమండలకు సూదుల్లా గుచ్చుకుంటూ మొహానికి తగలడం లేదంటే, అది ఎంత కింద ప్రయాణిస్తోందో తెలిసినట్టే.

3. పోటు గీత దగ్గర ఆగండి

పోటు నీళ్లు వచ్చి ఆగిన చోట ఎండిన నాచు, కట్టె ముక్కలు, గవ్వలు ఒక వరుసలో పడి ఉంటాయి. ఒక్కోదాని వెనక, గాలి చాటున, సన్నని ఇసుక తోక కనిపిస్తుంది. దగ్గర్లో మీరూ రెండు పుల్లలు పక్కపక్కన గుచ్చి కాసేపు ఆగండి, వాటికీ తోక వస్తుంది. అడ్డు తగిలితే గాలి నెమ్మదిస్తుంది, నెమ్మదించిన గాలి ఇసుకను మోయలేక దించేస్తుంది. దిబ్బ పుట్టుక ఇదే. ఇలా పుట్టినవాటిలో చాలా భాగం తర్వాతి పెద్ద పోటుకే కొట్టుకుపోతాయి. ఒడ్డు శుభ్రంగా ఉండాలని నాచును కూడా యంత్రంతో ఊడ్చేసే చోట్ల ఆ కాస్త అవకాశం కూడా ఉండదు. ప్లాస్టిక్ తీయాల్సిందే, నాచును మాత్రం వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

4. మొక్కను వెతకండి

కట్టె ముక్క ఇసుకలో కూరుకుపోతే ఇక అడ్డు ఉండదు, దిబ్బ ఎదగడం ఆగిపోతుంది. మొక్క అలా కాదు. కూరుకుపోయిన కొద్దీ పైకి వస్తుంది. యూరప్ తీరాల్లోని మారమ్ గడ్డి ఏడాదికి మీటరు మందం ఇసుక పడినా దాన్ని చీల్చుకుని లేస్తుంది. ఇసుక పడటం ఆగిపోతేనే నీరసిస్తుంది. వేడి ప్రాంతాల ఒడ్డున మేక గిట్టలా చీలిన ఆకుల తీగ, రావణుడి మీసాలు అనే ముళ్ల గడ్డి ఇదే పని చేస్తాయి. వేళ్లు చూద్దామని మాత్రం పీకకండి.

5. దిబ్బకు తగిలిన గాయాలు చూడండి

పదిమంది నడిచిన దారిలో గడ్డి చస్తుంది, అక్కడ గాలి దూరి గిన్నెలా తవ్వుతుంది. ఆ గుంట ఎంత లోతుకు పోతుంది? కింద నీటి చెమ్మ తగిలేదాకా. తడి ఇసుక లేవదు కదా, అక్కడ ఆగుతుంది. గాలి తవ్విన ఇసుక నాలుకలా లోపలికి సాగుతుంది. రెండు పక్కల అంచులను మొక్కలు పట్టుకుని ఉంటాయి కాబట్టి దిబ్బ హెయిర్‌పిన్ ఆకారానికి వస్తుంది, దాని చేతులు గాలి వచ్చే వైపుకు ఉంటాయి. ఎడారిలోని నెలవంక దిబ్బల కొమ్ములు సరిగ్గా దీనికి ఎదురు దిక్కున, గాలి పోయే వైపుకు తిరిగి ఉంటాయి.

మొక్కలు బొత్తిగా లేకపోతే దిబ్బ నడక మొదలుపెడుతుంది. ఇసుక ఒకవైపు మెల్లగా ఎక్కి, అవతలి వైపు సుమారు 33 డిగ్రీల వాలులో జారిపడుతూ ఉంటుంది. డెన్మార్క్ ఉత్తర కొసన రోబ్యెర్ మీలె అనే దిబ్బ ఏటా 18 మీటర్ల దాకా జరుగుతుంది. ఆ ప్రాంతంలోనే స్కాగెన్ చర్చిని ఇసుక ముంచెత్తింది. జనం తలుపు దగ్గర ఇసుక తవ్వుకుని ప్రార్థనకు వెళ్లేవాళ్లు. చివరికి 1795లో వదిలేశారు. ఇప్పుడు ఇసుకలోంచి గోపురం మాత్రమే పైకి కనిపిస్తుంది.

6. వెనక వరుసలకు వెళ్లండి

కొత్త ఇసుక చేరి తీరం ముందుకు పెరిగే చోట, లోపలికి వెళ్లిన కొద్దీ వయసు ఎక్కువ దిబ్బలు వస్తాయి. ముందు వరుస ఇసుక పసుపు రంగులో, వెనకది బూడిద రంగులో ఉంటుంది. ఆకులు కుళ్లి మట్టి చేరడం, వానకు గవ్వల సున్నం కరిగిపోవడం అందుకు కారణం. గడ్డి పోయి పొదలు, ఆ తర్వాత చెట్లు వస్తాయి. అమెరికన్ వృక్షశాస్త్రవేత్త హెన్రీ కౌల్స్ 1899లో మిషిగన్ సరస్సు ఒడ్డు దిబ్బల మీద రాసింది ఈ వరుస గురించే.

7. తుఫాను తర్వాత మళ్లీ రండి

అలలు దిబ్బను కత్తితో కోసినట్టు నరికి ఉంటాయి. ఆ కోతలో పొరలు పుస్తకం పేజీల్లా కనిపిస్తాయి. దూరంనుంచే చూడండి, అది కూలిపోతుంది. పోయిన ఇసుకలో చాలావరకు నీటి కింద మెట్టలా పేరుకుని ఉంటుంది. సముద్రం నెమ్మదించాక చిన్న అలలు దాన్ని మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి, ఎండాక గాలి అందుకుంటుంది. దీనికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు.

మార్పు కొలవాలంటే సెంటీమీటర్ల గీతలు పెట్టిన కర్ర ఒకటి పాతి నెలకోసారి చూడమంటారు. నేనూ పాతాను. నెల తర్వాత వెళ్తే లేదు. ఇసుక మింగేసిందని సంబరపడి చేత్తో తవ్వడం కూడా మొదలుపెట్టాను. తల ఎత్తి చూస్తే పక్కనే పిల్లల ఇసుక కోట మీద జెండా కర్రగా నిలబడి ఉంది. అప్పటినుంచి ఒకే స్తంభం పక్కన నిలబడి, ఒకే ఎత్తునుంచి ఫొటో తీసుకుంటున్నాను.