రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారా? నెపమంతా ప్రోస్టేట్ మీదే వేయకండి

సమస్య: పగలు బాగానే ఉంటుంది, రాత్రి మాత్రం మూత్రానికి పదేపదే లేవాలి.

యాభై దాటిన మగవాళ్లు ఈ మాట అనగానే చుట్టూ ఉన్నవాళ్లు "ప్రోస్టేట్ పెరిగింది" అని తేల్చేస్తారు. తొందరపడకండి. గీతలున్న కొలత మగ్గు ఒకటి బాత్రూంలో పెట్టుకుని, మూడు రోజులపాటు ఏ వేళకు ఎంత వచ్చిందో కాగితం మీద రాయండి. లేచిన ప్రతిసారీ 300, 400 మిల్లీలీటర్లు వస్తుంటే రాత్రిపూట మూత్రమే ఎక్కువ తయారవుతోందన్నమాట. షుగరు, సాయంత్రానికి కాళ్లలోకి దిగే నీరు, గురకతో ఊపిరి ఆగే నిద్ర జబ్బు, పొద్దుపోయాక వేసుకునే నీటి మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసేది), ఇవన్నీ చూసుకోవాలి. మాత్ర వేళను డాక్టరును అడిగే మార్చండి. అలా కాకుండా 50, 100 వచ్చి ఆగిపోతూ, ధార కూడా సన్నగిల్లితే ప్రోస్టేట్‌ను అనుమానించాలి. డాక్టరు దగ్గరకు ఆ కాగితం తప్పక తీసుకెళ్లండి.

సమస్య: ధార సన్నం, మొదలవడానికి ఆలస్యం, అయిపోయాక చుక్కలు.

వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాములుండే ప్రోస్టేట్ గ్రంథి మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. పెరిగేకొద్దీ నాళాన్ని నొక్కుతుంది. స్కానింగులో సైజు చూసి బెంబేలు పడనక్కర్లేదు. పెద్ద గ్రంథి ఉన్నా ఇబ్బంది లేనివాళ్లున్నారు, చిన్నదానితో సతమతమయ్యేవాళ్లూ ఉన్నారు. గ్రంథి ఇలా పెరగడం క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. అయితే రెండూ ఒకరికే ఉండొచ్చు కాబట్టి పీఎస్ఏ పరీక్ష (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రోటీన్‌ను కొలిచేది) గురించి డాక్టరుతో మాట్లాడాలి.

టామ్సులోసిన్ లాంటి మందులు కండరాన్ని వదులు చేసి కొద్ది రోజుల్లోనే ఉపశమనమిస్తాయి. లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. కంటి శుక్లాల ఆపరేషన్ ఉంటే ఈ మందు వాడుతున్నట్టు, ఎప్పుడో వాడి మానేసినా సరే, ముందే చెప్పాలి. గ్రంథిని కుదించే ఫినాస్టరైడ్‌కు ఆరు నెలలు పడుతుంది. అది పీఎస్ఏ అంకెను దాదాపు సగానికి దించుతుంది, ఆ సంగతి తెలియకపోతే రిపోర్టు చూసి మోసపోతాం. మందులకు లొంగకపోతే ఆపరేషన్ ఉంది.

సమస్య: ఉన్నట్టుండి చుక్క కూడా రాదు, పొత్తికడుపు బిగుసుకుపోతుంది.

కొన్నిసార్లు దీని వెనక జలుబు మాత్ర ఉంటుంది. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ ఇప్పటికే ఇరుకైన దారిని ఇంకా బిగిస్తుంది, తుమ్ములకిచ్చే క్లోర్‌ఫెనిరమైన్ మూత్రాశయం పిండే బలాన్ని తగ్గిస్తుంది. మలబద్ధకమూ కారణమే. నీళ్లు ఎక్కువ తాగితే వస్తుందనుకోకండి, నొప్పి ఇంకా పెరుగుతుంది. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. క్యాథెటర్ (మూత్రాన్ని బయటికి తీసే సన్నని గొట్టం) వేయగానే ప్రాణం లేచొస్తుంది.

సమస్య: నొప్పేమీ లేదు, కానీ నిద్రలో పక్క తడుస్తోంది.

ఇది సిగ్గుపడి దాచే విషయం కాదు. నిండిన మూత్రాశయం పొర్లుతోందేమో చూడాలి. అలా పొర్లుతుంటే కిడ్నీలు చడీచప్పుడు లేకుండా దెబ్బతినొచ్చు. అల్ట్రాసౌండ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఆ వారంలోనే చేయించండి. మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించి ఆగిపోయినా అంతే, వయసు మీద నెట్టేయకుండా యూరాలజిస్టుకు చూపించండి.